మా అత్త చూసిన జలపాతాలు

ఈ ఎండాకాలం రిటైరైన టీచర్లం కొందరం కలిసి కులూ లోయకి వెళ్లాం. జలపాతం దాకా ఇప్పుడు ఇనుప మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీలున్నాయి, మెట్ల పక్కన నూడుల్స్ ఉడికించి ఇచ్చే కొట్లున్నాయి. పైకి చేరేసరికి మాలో సగం మందికి ఆయాసం, మిగతా సగం మందికి ఫోటోల తొందర. నేను మాత్రం కమ్మీ పట్టుకుని నిలబడి, నీళ్లకి ఎడమవైపున్న బండల మధ్య ఒక పాత కాలిదారి ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతుకుతున్నాను. గుడ్లవల్లేరు హైస్కూల్లో నాతోపాటు పనిచేసిన సుభాషిణి గారు అది కనిపెట్టి, "మీరు ముందే వచ్చారా అండీ ఇక్కడికి?" అని అడిగారు. "వచ్చానండీ. పదిహేడేళ్లప్పుడు, మా అత్తతో" అన్నాను. "అప్పటికే పెళ్లయిపోయిందా మీకు? అత్తగారిని కూడా వెంటబెట్టుకొచ్చారా?" అన్నారావిడ. "అత్తగారు కాదండీ, మేనత్త. నేను తీసుకురాలేదు, ఆవిడే నన్ను తీసుకొచ్చింది" అన్నాను. ఆవిడ నవ్వి, ఫోటోకి రమ్మని చెయ్యి పట్టుకుని లాగారు. ఆ ఫోటో ఇప్పుడు నా ఫోనులో ఉంది. అందులో అందరూ కెమెరాకేసి చూస్తున్నారు. నేనొక్కదాన్నే పక్కకి చూస్తున్నాను.

మాది పెడన. అద్దకం పని మా తాత కంటే ముందు నుంచీ మా ఇంట్లో ఉంది. తెల్లబట్టని కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండేసేవాళ్లు. ఆ పాలు ఎండలో పులిసి ఆరే వాసనకి కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు గానీ మాకది తెలిసేదే కాదు; సెలవులకి చుట్టాలింటికి వెళ్లినప్పుడు, అక్కడ ఆ వాసన లేకపోతేనే ఏదో వెలితిగా ఉండేది. పెరట్లో ఒక మూల, బెల్లంనీళ్లలో తుప్పు ఇనుము నానేసిన కుండలు మూతికి గుడ్డ కట్టి ఉండేవి. నల్లరంగు అందులోంచి వచ్చేది. నాన్న పొద్దున్నే స్నానం చేసి, టేకు అచ్చుని రంగులో అద్ది, బట్ట మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవాడు. ఆ చప్పుడు రోజంతా ఇంట్లో వినిపిస్తూనే ఉండేది. అది కాసేపు ఆగితే నాయనమ్మ వంటింట్లోంచే "ఏరా, టీ పెట్టమంటావా?" అని కేకేసేది.

మంగత్త నాన్నకి చెల్లెలు. దివిసీమలో సముద్రానికి దగ్గరి ఊళ్లో ఇచ్చారు. ఉప్పెనలో మొగుడూ, నాలుగేళ్ల కొడుకూ పోయారు. అత్త ఒక్కతే మా ఇంటికి తిరిగొచ్చింది. ఎలా బతికిందో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. "దాన్నేమీ కదిలించకండి" అని నాయనమ్మ ఇంటిల్లిపాదికీ చెప్పిపెట్టింది. అది ప్రేమతో అన్నమాటే. కానీ దానివల్ల మా ఇంట్లో సముద్రం అనే మాట కూడా ఎవరం అనేవాళ్లం కాదు. పక్కనే బందరు, బందరుకి అవతల సముద్రం. అయినా ఆ పేరు ఎత్తకుండా ఏళ్లు గడిపేశాం.

వచ్చిన నెల తిరక్కుండానే బట్టలు జాడించే పని అత్త తన మీద వేసుకుంది. అద్దకం వేసిన బట్టని పారే నీళ్లలోనే జాడించాలి. ఎరుపు రావడానికి వేసిన పటిక ఎక్కువైంది ఎక్కువైనట్టు కొట్టుకుపోవాలి. నీళ్లు నిలిచి ఉంటే అది పక్కకి పాకి మచ్చ కడుతుంది. ఆ పనికి అత్త పొద్దున్నే కాలవలోకి దిగి, నడుంలోతు నీళ్లలో గంటలకొద్దీ నిలబడేది. దిగేముందు ఒక దోసెడు నీళ్లు తీసుకుని ఎండకి పెట్టి చూసేది. ఎగువనెక్కడో గట్టు విరిగినా, గేదెల్ని దించినా ఆవిడకి ఆ దోసిట్లోనే తెలిసిపోయేది. "ఇయ్యాళ నీళ్లు బాలేవు, రేపు చూద్దాం" అని వెనక్కి వచ్చేసేది. సాయంత్రం గుమ్మంలో కూర్చుని, నాని తెల్లబడిన పాదాలకి ఆముదం రాసుకునేది. ఆవిడ గోళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. పండగలకి మేమంతా గోరింటాకు పెట్టుకుంటుంటే, "నాకెందుకే, నాకు రోజూ పండగే" అనేది. అప్పుడు కూడా మొహంలో నవ్వుండేది కాదు.

నేను ఇంటరు పరీక్షలు రాసిన వేసవిలో కులూ నుంచి నాన్నకి పిలుపొచ్చింది. అక్కడ నెల రోజుల పాటు చేతిపనుల మేళా. అచ్చులు తీసుకెళ్లి జనం ఎదుట అద్దకం వేసి చూపించాలి. బయల్దేరడానికి వారం ముందు నాన్న సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రాలేనని ఉత్తరం రాయడానికి కార్డు తెప్పించి కూర్చున్నాడు. గుమ్మంలో ఉన్న అత్త తన పాదాలకేసి చూసుకుంటూనే, "నేను వెళ్తాలే అన్నయ్యా" అంది.

నాయనమ్మ నిర్ఘాంతపోయింది. "విజయవాడ దాటి ఎరగవు. అక్కడ భాషెవరు మాట్లాడతారే?"

"మన రాజ్యానికి వచ్చుగా హిందీ. దాన్ని తీసుకెళ్తాను" అంది నన్ను చూపిస్తూ.

"నీకెందుకే అంత దూరం?"

"కాలవ కట్టేశారు. మళ్లీ నీళ్లొదిలేదాకా ఇక్కడ కూర్చుని ఏం చెయ్యను?"

నాన్న ఆ కార్డు పక్కన పెట్టేశాడు. రెండు పరీక్షలు పాసైన నా హిందీని నమ్ముకుని మేమిద్దరం బండెక్కాం.

మా వైపు ఎత్తంటే కాలవగట్టు. దాని మీదెక్కి నిలబడితే గుడివాడ దాకా చేలే. నీళ్లన్నా మాకు పడుకున్న నీళ్లే తెలుసు: కాలవల్లో మెల్లగా జరిగేవి, చేలల్లో నిలిచేవి, సముద్రం దగ్గర పడ్డాక ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు చీలిపోయేవి. ఆ లోయలో దిగిన మొదటిరోజే నీళ్లు నిలువునా నిలబడి ఉండటం చూశాను. ఎటు చూసినా కొండ, కొండ మీదినుంచి తెల్లటి నీటిచార. అడుగున బియాస్ నది రాళ్లని దొర్లించుకుంటూ హోరున పోతోంది. మాకిచ్చిన గది నది ఒడ్డునే. నాకు సరదాగా ఉంది. అత్త మాత్రం గదిలో అడుగుపెట్టగానే నదివైపు కిటికీ మూసేసి, పాత చీర మడతపెట్టి కంతలకి కుక్కి, పక్క తీసుకెళ్లి అవతలి గోడవారన వేసుకుంది. చలికని అనుకున్నాను.

మేళాలో మాకు కుళాయి చూపించారు. తొట్టిలో జాడిస్తే మొదటి బట్టే మచ్చలు పడింది. పారే నీళ్లు కావాలని అత్త పట్టుబట్టింది. అది అక్కడివాళ్లకి అర్థమయ్యేలా చెప్పడానికి నా హిందీ చాలడం లేదు. నా అవస్థ చూసి పక్క కొట్టులో శాలువాలు నేసే బిమలా అనే ఆవిడ లేచి వచ్చింది. అత్త ఈడే ఉంటుంది. బుగ్గలు చలికి పగిలి ఎర్రగా ఉన్నాయి. తడిబట్టని వేళ్లతో తడిమి చూసి, విషయం తనే గ్రహించి, మమ్మల్ని మేళా వెనక ఒక సెలయేటి దగ్గరికి తీసుకెళ్లింది. అత్త అలవాటు ప్రకారం దోసిట్లో నీళ్లు తీసుకుని చూసి, సంతోషంగా దిగింది. దిగిన మరుక్షణం గట్టెక్కేసింది. "ఇవి నీళ్లా, సూదులా?" అంది నాతో. బిమలాకి మాట తెలియకపోయినా విషయం తెలిసి పగలబడి నవ్వింది. మా అత్త కూడా నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆవిడ అలా నవ్వడం నేను చూడలేదు.

సోమవారాలు మేళాకి సెలవు. బిమలా తన ఊరివైపు కొండల్లోకి మమ్మల్ని తిప్పింది. మొదటి సోమవారం దేవదారు చెట్ల మధ్యగా ఒక జలపాతానికి బయల్దేరాం. ఇంకో మలుపు తిరిగితే కనిపిస్తుందనగా హోరు మొదలైంది. అత్త ఆగిపోయింది. ఒక చెట్టు మొదట్లో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, "నువ్వెళ్లి చూసి రావే" అంది. మేం చూసి వచ్చేసరికి అలాగే ఉంది. దిగేటప్పుడు మాత్రం ఒకటే ప్రశ్నలు.

"ఎప్పట్నించి పడుతున్నాయట ఆ నీళ్లు?"

నేను అడిగాను. ఎప్పట్నించో, తన ముత్తవ్వ కూడా చూసిందని చెప్పింది బిమలా.

"ఆగవా?"

"చలికాలం గడ్డకడతాయిట."

"ఊరి మీదకి రావా?"

అది అడిగితే బిమలా వింతగా చూసింది. "ఎందుకొస్తాయి? వాటి దారి వాటికుంది కదా" అంది. అత్త ఆ జవాబు నాచేత రెండుసార్లు చెప్పించుకుంది.

రెండో సోమవారం ఆ మలుపు దాటింది. నీళ్లు కనిపించేంత దూరంలో నిలబడి, చాలాసేపు చూసి వెనుదిరిగింది. మూడో సోమవారం తనే ముందు తయారై, ఇంకా లోపలికి ఏమైనా ఉందేమో అడగమంది. ఉందంది బిమలా. జలపాతం పక్కనున్న బండల మధ్యగా పోతే ఇరుకైన కొండచీలిక వస్తుందనీ, దాని చివర లోపలికి ఇంకో జలపాతం ఉందనీ, గొర్రెలు కాచేవాళ్లు తప్ప ఎవరూ రారనీ చెప్పింది.

ఆ చీలిక ఎలా ఉండేదో ఇవాళ్టికీ కళ్లకి కట్టినట్టుంది. రెండువైపులా రాయి తాటిచెట్ల మీద తాటిచెట్లు పేర్చినంత ఎత్తు. మధ్యలో ఆకాశం చీర అంచంత. చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయనిపించే చోట్లున్నాయి. రాతి మీద నీళ్లు వేల ఏళ్లుగా ఒరుసుకుని మెత్తటి అలల్లాంటి గుంటలు చేశాయి. అత్త వాటి మీద అరచెయ్యి వేసి నడుస్తూ, "ఇంత పని ఏ అచ్చు చెక్కేవాడు చేస్తాడే" అంది. మధ్యలో వాగుని రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటాం. చివరికి చేరితే, పైనెక్కడినుంచో ఒక్క ధారగా పడుతున్న నీళ్లు. హోరుకి పక్కమనిషి మాట వినబడదు. అత్త ఆగకుండా నడిచి, తుంపర మీద పడేంత దగ్గరగా వెళ్లి నిలబడింది. నేను బిమలా చెయ్యి పట్టుకుని వెనకే ఉండిపోయాను. అత్త తడిసిపోతోంది. భుజాలు కదులుతున్నాయి. చలికి వణుకుతోందో, ఏడుస్తోందో వెనకనుంచి తెలియలేదు.

తిరుగుదారిలో వాగు దాటబోతూ అత్త అలవాటుగా వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుంది. చూసి వెంటనే పారబోసి నా రెక్క పట్టుకుంది. "రాజ్యం, పైకెక్కు. ఆవిణ్నీ ఎక్కమను."

"ఏమైందత్తా?"

"రంగు మారాయి నీళ్లు. ఎక్కు ముందు."

నాకేమీ తేడా కనబడలేదు. బిమలా మాత్రం నీళ్లకేసి ఒక్కసారి చూసి, మారుమాటాడకుండా పక్కనున్న అరుగులాంటి బండ మీదకి మమ్మల్ని తోసి తనూ ఎక్కింది. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. నీళ్లు బూడిదరంగుకి తిరిగి, కొమ్మలతో, రాళ్లతో కిందికి ఉరికాయి. మేం అడుగులేసిన రాళ్లు ఒక్కొక్కటే మునిగిపోయాయి. పైన వాన పడి ఉంటుందనీ, రెండు మూడు గంటల్లో వరద తీసేస్తుందనీ బిమలా చెప్పింది. ముగ్గురం గోడకి ఆనుకుని కూర్చున్నాం. తను తెచ్చిన రొట్టె మూడు ముక్కలు చేసి పంచింది. నీళ్లు ఒక గీత దాకా వచ్చి ఆగాయి.

కాసేపటికి బిమలా నన్నడిగింది: "మీ అత్తకి పిల్లలెంతమంది?"

నేను అత్తకేసి చూశాను. "ఏమంటోంది?" అంది. చెప్పాను. మా ఇంట్లో ఎవరూ నోరెత్తని విషయం, నేనే ఆవిడ మొహం మీద అడిగినట్టయింది. అత్త నీళ్లకేసే చూస్తూ, "చెప్తాను. చెప్పింది చెప్పినట్టు చెప్పు" అంది.

ఒక్కో మాటా చెప్పి నాకోసం ఆగింది. నేను దాన్ని హిందీ చేసి బిమలాకి అందించాను. ఉప్పెనకి హిందీ మాట నాకు తెలియదు. "సముద్రం ఇంట్లోకి వచ్చింది" అన్నాను. సముద్రం ఎప్పుడూ చూడని బిమలా, "నీళ్లు పైకి వచ్చాయా?" అని అడిగింది. వచ్చాయన్నాను. కప్పు లేచిపోయిందనీ, మొగుడు గేదెల్ని విప్పడానికి వెళ్లి మళ్లీ కనబడలేదనీ, బిడ్డని చంకనేసుకుని కొట్టుకుపోయి ఒక తుమ్మచెట్టుకి తగులుకుందనీ చెప్పాను. ముళ్లు దిగిన చోటు మోచేతి మీద అత్త చూపించింది. దానికి హిందీ అక్కర్లేకపోయింది. తర్వాత అత్త అంది: "ఇంకో కెరటం వచ్చింది. కొమ్మని రెండు చేతులా పట్టుకోవాల్సొచ్చింది. పిల్లాడి చెయ్యి నేనే వదిలాను."

నాకు పదిహేడేళ్లు. ఆ వాక్యంలోని ప్రతి మాటకీ హిందీ నాకు తెలుసు. మొదటిసారిగా తడుముకోవాల్సిన పని లేదు. అయినా ఆ వాక్యం నోటికి రాలేదు. "హాథ్ ఛూట్ గయా" అన్నాను. చెయ్యి జారిపోయింది అని.

బిమలా దగ్గరికి జరిగింది. మా అత్త పాదాలు రెండూ తీసి తన ఒళ్లో పెట్టుకుని, మంచుముక్కల్లా ఉన్నాయంటూ అరచేతుల్తో రుద్దుతూ కూర్చుంది. పొద్దు వాలేవేళకి రాళ్లు తేలాయి. దాటేటప్పుడు అత్త నా మణికట్టు పట్టుకుంది. రోడ్డు మీదకి వచ్చాక కూడా వదల్లేదు.

తిరుగు ప్రయాణంలో, రైలు మన గోదావరి దాటాక అత్త అడిగింది. "ఆ రోజు బిమలాకి ఏమని చెప్పావే? నేను వదిలాననే చెప్పావా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "జారిపోయిందని చెప్పానత్తా."

కిటికీ దగ్గర్నుంచి నావైపు తిరిగింది. "హిందీలో అలాగే అంటారా?"

"అలాగే అంటారు" అన్నాను. అక్కడ మాత్రం అబద్ధమే చెప్పాను.

ఆ తర్వాత ఏళ్లలో పెడన అద్దకానికి గిరాకీ పెరిగింది. ఢిల్లీ నుంచీ బొంబాయి నుంచీ కొనేవాళ్లు ఇంటికే వచ్చేవాళ్లు. అత్త వాళ్లతో తన వచ్చీరాని హిందీ మాట్లాడేది. పిల్లలున్నారా అని ఎవరైనా అడిగితే, ఒక కొడుకుండేవాడని చెప్పి, "హాథ్ ఛూట్ గయా" అనేది. మొదటిసారి విన్నప్పుడు చేస్తున్న పని ఆపి ఆవిడకేసి చూశాను. తర్వాత అలవాటైపోయింది. కొంత గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి. మోయలేని బరువేదో ఆవిడ మీంచి నేను దించాననుకునేదాన్ని. నేను హిందీ టీచర్నయ్యాను. ముప్పై ఏళ్లకి పైగా పిల్లలకి ఛోడ్నాకీ ఛూట్నాకీ తేడా చెప్పాను. ఒకటి మనం వదలడం, ఒకటి దానంతటది జారడం. తెలుగులో మాత్రం అత్త ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఇంట్లో జాడించడానికి మోటారు తొట్లున్నాయి, పాల బదులు ఏవో పొడులున్నాయి. తమ్ముడి ఇంట్లోకి అడుగుపెడితే ఏ వాసనా రాదు. మనుషులు అన్నీ అడుగుతారు, అన్నీ చెప్పేస్తారు, ఫోనులో రాసి పంచుకుంటారు. ఎదుటివాళ్లని కదిలించకూడదన్న మా నాయనమ్మ మర్యాదకి అందులో చోటు లేదు. ఆ మర్యాదే మంచిదని నేను చాలాకాలం వాదించాను. ఈ ఎండాకాలం కులూలో శాలువాల కొట్లన్నీ తిరిగి బిమలా కోసం అడిగాను. "ఏ బిమలా? ఇంటికొక బిమలా ఉంటుంది ఇక్కడ" అని నవ్వారు. ఆవిడకి ఒక వాక్యం సరిదిద్ది చెప్పడానికే వెళ్లానని సుభాషిణి గారితో కూడా అనలేదు. అది చెప్పాలని ఎందుకు అనిపించిందంటే, కిందటి ఏడాది బందరు ఆసుపత్రిలో జరిగిన సంగతి వల్ల.

అత్తకి ఎనభై దాటాయి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కృత్తివెన్ను నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక నర్సు, పాతికేళ్లుంటాయేమో, సెలైను మారుస్తూ ఊరికే మాట కలిపింది. "పిల్లలెవరూ రాలేదా మామ్మా?"

నేను సర్దిచెప్పబోయాను. అత్త చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఒక్కడే కొడుకమ్మా. ఉప్పెనలో పోయాడు. చెయ్యి నేనే వదిలాను. కొమ్మ పట్టుకోడానికి రెండు చేతులూ కావాల్సొచ్చాయి" అంది. నలభై ఏళ్లకి పైగా దాచిన మాటని తెలుగులో చెప్పింది.

నర్సు చేస్తున్న పని ఆపలేదు. సూది దగ్గర ప్లాస్టరు ఒత్తుతూ, "వదలకపోతే ఇద్దరూ పోయేవాళ్లు గదా మామ్మా. మా నాయనమ్మ అప్పుడే ఇద్దర్ని వదిలిందంట. లేకపోతే మా నాన్నుండేవాడు కాదు, నేనుండేదాన్ని కాదు" అంది.

ఎంత చిన్న మాట. ఆ బండ మీద బిమలా కూడా అనగలిగేదేమో. అనడానికి ఆవిడకి నేను అవకాశం ఇవ్వలేదు. జారిపోయిన చేతికి ఎవరైనా ఏం జవాబు చెబుతారు?

అత్త ఆ పిల్ల మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల ట్రే తీసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్తుంటే, "అమ్మాయ్" అని పిలిచింది.

"ఏంటి మామ్మా?"

"రేపు కూడా నీ డ్యూటీయేనా?"